ఏసయ్య పొలంలో పాత కొలిమి

నాకు కోపం ఎక్కువ, మా అమ్మకు భయం ఎక్కువ. ఇద్దరం ఒక ఇంట్లో ఉన్నామంటే మా బాపు ఎటూ మాట్లాడలేక సాంచెల షెడ్డుకు ఓ గంట ముందే పోతాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. ఆ మోతలో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పటినుంచి మా వాడకట్టుకంతా మా ముచ్చట్లు ఉచితంగా వినబడుతున్నాయి.

నేను చదివేది పాత మంటల గురించి. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పేది భూమికున్న అయస్కాంత శక్తి అని అందరికీ తెలుసు. ఆ ఉత్తరం నిలకడగా ఉండదన్న సంగతే ఎక్కువమందికి తెలియదు. వందల ఏళ్లు గడుస్తుంటే అది కాస్త తూర్పుకు, కాస్త పడమరకు జరుగుతూ ఉంటుంది. బలం కూడా పెరుగుతుంది, తగ్గుతుంది. వెనకటి కాలంలో అది ఎటు చూసిందో చూసి చెప్పడానికి మనుషులెవరూ లేరు. కాలిన మట్టి ఉంది. మట్టిలో కంటికి ఆనని ఇనుప రేణువులుంటాయి. మట్టి ఎర్రగా కాలితే అవి అంతకుముందు ఎటు తిరిగి ఉన్నాయో మరిచిపోతాయి. చల్లారేటప్పుడు ఆ రోజు భూమి ఎటు గుంజితే అటు తిరిగి, మళ్లీ అంత మంట తగిలేదాకా అలాగే ఉండిపోతాయి. అమ్మకు ఇది చెప్పడానికి నాకు గంజి పనికొచ్చింది. గంజి పెట్టిన నూలు ఆరేటప్పుడు ఎట్లా పడి ఉంటే అట్లా బిరుసెక్కుతుంది కదా, ఇదీ అంతే అన్నాను. అమ్మ సరేనంది. ఆ తర్వాత పాలు పొంగుతున్నాయని లేచిపోయింది.

జగిత్యాల, కోరుట్ల వైపు ఊళ్ల శివార్లలో నల్లటి చిట్టెం రాళ్లు ఇప్పటికీ కాళ్లకు తగులుతాయి. ఒకప్పుడు అక్కడ మట్టి కొలుములు కట్టి ఇనుము కరిగించారు, ఆ రాళ్లు దాని మడ్డి. కోరుట్ల దగ్గర రెండు కొలుముల నుంచి నేను ముందే ముక్కలు తెచ్చుకున్నాను. మూడోది సారంగాపూర్ దగ్గర ఏసయ్య అనే రైతు పొలంలో బయటపడింది. దాంట్లో దొరికిన బొగ్గును పరీక్షిస్తే మిగతా రెండింటికన్నా చాలా పాతదని తేలింది. నాకు అదే కావాలి. కాగితం మీద ఒక్కో కొలిమి ఒక్కో చుక్క. రెండు చుక్కల మధ్య ఎవరైనా గీత గీస్తారు. ఆ గీత ఎటన్నా వంగిందో లేదో తెలియాలంటే మూడో చుక్క ఉండాలి. అది లేకపోతే నా నాలుగేళ్ల చదువు గీత దగ్గరే ఆగిపోతుంది.

ఏసయ్యది తరాలుగా పరుల పొలాల్లో పనిచేసిన కుటుంబం. సొంతానికి ఎకరం భూమి రావడం వాళ్ల ఇంట్లో అతనితోనే మొదలు. వానలు పడేలోపు ఆ ఎకరం చదును చేసి, మడి కట్టి, తన పొలంలో తన నాటు వేసుకోవాలని ఉంది అతనికి. కొలిమి సరిగ్గా మడి నడుమ ఉంది. ట్రాక్టరు మాట్లాడుకుని కూడా నాకోసం రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి పంపమని అడిగే మొహం నాకు లేదు. ఆదివారం నాటికి పని ముగించుకుంటానని చెప్పాను. అప్పటికి మా పాపకు అయిదో నెల.

పాప నా పాలకు తప్ప దేనికీ లొంగేది కాదు. కాబట్టి పాపను తీసుకుపోవాలి. పాపను తీసుకుపోతే అమ్మ రావాలి. అంత పసిపిల్లను పొలిమేర దాటించి, ఎవరో కొలిమి కాల్చిన జాగకు తీసుకుపోవడం అమ్మకు ఏమాత్రం నచ్చలేదు. నచ్చలేదని నోటితో అనలేదు. బస్సెక్కేదాకా వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

మేం పోయేసరికి ఏసయ్య కొలిమికి పడమటి వైపు నాలుగు గుంజలు పాతి, తాటి మట్టలు కప్పి పందిరి వేసి ఉంచాడు. అతని తల్లి సాయవ్వ కింద నీళ్లు చల్లి గోనె సంచి పరిచింది. పసిపిల్లతో ఎండలో ఎట్లా కూర్చుంటారని వాళ్లే ఆలోచించి చేశారు. ఎవరూ అడగలేదు.

ఈ పనిలో ముక్క తీయడం కష్టం కాదు, తీసేముందు చేసేదే అసలు పని. కాలిన గోడ మీద పిడికెడంత జాగాలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, సమంగా చేసి, దిక్సూచి పెట్టి, ఉత్తరం ఎటుందో గీత గీయాలి. అప్పుడే ముక్కను కోసి తీయాలి. గీత లేకుండా తీసిన ముక్కకు తను ఎటు తిరిగి కూర్చుందో ఎప్పటికీ తెలియదు. దిక్సూచి దగ్గర్లో ఇనుము ఉంటే ముల్లు అటు మళ్లుతుంది. అందుకే అందరినీ నిలబెట్టి ఇనుము తీసేయమన్నాను. సాయవ్వ కొడవలిని గట్టు అవతల పెట్టి వచ్చింది. ఏసయ్య గడ్డపార, పార, చివరికి నడుముకున్న తాళంచెవి కూడా తీశాడు. అమ్మ జడపిన్నులు, పిన్నీసులు తీసి, టిఫిన్ డబ్బా, గొడుగు కూడా దూరంగా మోసుకుపోయింది. ఇంకేమన్నా ఉన్నాయా అని అడిగితే లేవంది. నేను నమ్మాను, తనూ నమ్మే చెప్పింది.

పాప ఎవరి దగ్గరా ఉండలేదు. గుడ్డతో నా రొమ్ముకు కట్టుకుని, పందిరి నీడలో పడమటి వైపే కూర్చుని, ఒక్కొక్క గీత గీసుకున్నాను. సూర్యుడి నీడను బట్టి కూడా దిక్కు సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. కానీ తాటి మట్టల కింద సూర్యుడెక్కడ? దిక్సూచి ముల్లు మాత్రం వణక్కుండా నిలబడింది. నాకు అదే చాలనిపించింది. సోమవారం ట్రాక్టరు వచ్చిందని ఏసయ్య ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సంతోషం దాచుకుంటూ నాకోసం కొంచెం బాధ కూడా కలిపి చెప్పాడు.

ముక్కలను కొలిచే యంత్రం మా దగ్గర లేదు, పక్క రాష్ట్రానికి పంపాం. ఆగస్టులో ఫలితం వచ్చింది. ఏసయ్య కొలిమిలో ఉత్తరం ఎవరూ అనుకోనంత తూర్పుకు జరిగి ఉంది. ముక్కలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. నా చదువుకు దారి చూపే మా సార్ సాధారణంగా మెసేజ్‌కు మెసేజ్ కూడా పెట్టడు, ఆ రోజు తనే ఫోన్ చేశాడు. ఇది నిలబడితే దక్కన్ లెక్కల్లో కొత్త మలుపు గీయాల్సి వస్తుంది, డిసెంబరు సదస్సులో నువ్వే చెప్పాలి అన్నాడు. మా ఆయన మహేందర్ జగిత్యాల నుంచి మిఠాయి తెచ్చాడు. బాపు సాంచెల షెడ్డులో అందరికీ పంచాడు. మా బిడ్డ భూమి కథ మార్చిందట అని చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. అమ్మ పాపకు దిష్టి తీసి, నాకు కూడా తీసింది. నాకు పట్టరాని సంతోషంగా ఉండేది. రాత్రి కళ్లు మూసుకుంటే ఆ మలుపే కనబడేది.

పది రోజులకు పాపకు పళ్లు రావడం మొదలైంది. చేతికందింది నోట్లో పెట్టుకునేది. ఒకరోజు తన గుడ్డ కొస నములుతుంటే టక్కుమని చప్పుడైంది. గుండీ ఏమన్నా ఊడిందేమోనని గుడ్డ లాక్కుని తడిమాను. కొసలో మడత పెట్టి సన్నగా, ముద్దుగా కుట్టి ఉంది. ఆ కుట్టు మా అమ్మ చేతిదని చూడగానే తెలిసింది. పళ్లతో తెంపి విప్పితే నా చిటికెన వేలంత పొడుగు, దానికన్నా కొంచెం సన్నం, ఇనుప సీల బయటపడింది. మా తాత నేసిన గుంతమగ్గానిది.

పసిపిల్ల దగ్గర ఇనుము ఉండాలన్నది మా దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పని సంగతి. పుట్టిన రోజు నుంచి తల కింద పెట్టే మెత్త కిందో, ఉయ్యాలకో ఉంటుంది. గాలి, ధూళి దరికి రావని నమ్మకం. ఉయ్యాలలో నేనూ చూశాను, చూసి ఊరుకున్నాను. కానీ ఈ గుడ్డ ఆ గుడ్డే. సారంగాపూర్‌లో పాపను నా రొమ్ముకు కట్టుకున్న గుడ్డ. నేను ముందుకు వంగినప్పుడల్లా ఈ సీల దిక్సూచికి జానెడు దూరంలో వేలాడింది. నేను ప్రతిసారీ ఒకే వైపు కూర్చున్నాను కాబట్టి ముల్లును ప్రతిసారీ పడమరకే గుంజింది. నేను గీసిన గీత పడమరకు పోతే పాత ఉత్తరం తూర్పుకు జరిగినట్టు కనబడుతుంది. ముక్కలన్నీ ఒకే మాట చెప్పింది అందుకే.

అమ్మ గోడకానుకుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. సీలను తీసుకుపోయి ముందర పడేశాను.

"ఇనుమంత తియ్యుమంటె పిన్నీసులు గూడ తీస్తివి గదమ్మా. గిది ఎందుకు తియ్యలే?"

అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను దేనికి అరుస్తున్నానో ఒక్కసారిగా తట్టినట్టు లేదు. మెల్లగా తట్టింది.

"గది ఇనుమని యాదికే రాలే బిడ్డా," అంది. "గది పిల్లది."

ఆ తర్వాత నేను అన్న మాటలు వాడకట్టు మొత్తం విన్నది. నాలుగేళ్లు పోయాయని, కొలిమి కూడా పోయిందని, మళ్లీ ఏ దేవుడు వచ్చినా దాన్ని ఉన్నచోట పెట్టలేడని అన్నాను. నీ భయాలతో నన్ను బతకనియ్యవా అన్నాను. చివరికి ఇంకొక మాట కూడా అన్నాను. "ఇంకెన్నడు నా పని కాడికి రాకు." అమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. మామూలుగా అంటుంది. అనకపోవడంతో నా కోపం పోయి పడడానికి చోటు లేక ఇంకా పెరిగింది.

సార్‌కు ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.  ఒక సీలకు అంత బలం ఉండకపోవచ్చు, తొందరపడకుండా పరీక్షించి చూడు అన్నాడు. ఆయన గొంతులో కూడా ఆశ వినబడింది. మర్నాడు మహేందర్‌ను పిలిపించుకుని అతనితో కలిసి ముస్తాబాద్ రోడ్డు వైపు పోయాను. సిరిసిల్లలో ఏ మూల చూసినా ఇనుమే కాబట్టి ఊరు దాటక తప్పదు. బండిని దూరంగా రోడ్డు మీదే ఆపించి, సాగు లేక పడావు పడిన ఒక చెలకలో దిక్సూచి పెట్టాను. పాపకు బదులు దుప్పటి మడిచి అదే గుడ్డలో కట్టుకున్నాను. సీలను మళ్లీ అదే కొసలో ముడేసుకుని, అదే తీరుగా పడమటి వైపు కూర్చుని వంగాను. ముల్లు మెల్లగా జరిగింది. గుడ్డ విప్పి అవతల పారేస్తే వెనక్కి వచ్చింది. మళ్లీ కట్టుకుంటే మళ్లీ జరిగింది. ఫలితంలో ఉత్తరం ఎంత తప్పిందో ముల్లు ఇంచుమించు అంతే జరిగిందని చూసుకుని లేచాను. నేను లోకానికి చెప్పబోయిన కొత్త మలుపు మొత్తం మా అమ్మ కుట్టిందే. ఒక్కో గీతకు ఎంత వంగానో, పాప ఎటు కదిలిందో ఎవరికీ తెలియదు కాబట్టి లెక్క వేసి సరిదిద్దుకునే దారి కూడా లేదు.

 నేను చెలక గట్టు మీద కూర్చుని ఏడ్చాను. సార్‌కు మెసేజ్ పెట్టాను, ఏసయ్య కొలిమి దిక్కును లెక్కలోంచి తీసేయండని. ఆయన సరేనన్నాడు. సదస్సు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ వారమంతా మా ఇంట్లో సాంచెల మోత తప్ప వేరే మోత లేదు. అమ్మ అన్నం పెట్టేది, పాపకు నీళ్లు పోసేది, నా ఎదుట పడకుండా తిరిగేది. తను తింటోందో లేదో నేను చూడలేదు. బాపు ఒకసారి గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి, దగ్గి, చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. తప్పు ఆమెదని నాకు గట్టిగా అనిపించేది. ఆమె ముఖం చూస్తే ఆ గట్టిదనం నిలిచేది కాదు. అందుకే చూడడం మానేశాను.

శనివారం నేను నిద్ర లేచేసరికి అమ్మ లేదు. పొయ్యి మీద అన్నం వండి, పాపకు రాగిజావ కాచి మూత పెట్టి ఉంది. బాపును అడిగితే తెల్లారకముందే జగిత్యాల బస్సెక్కిందన్నాడు. ఎందుకని అడిగాను. "నాకు జెప్పలే," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వడిగితె జెప్తుండెనేమో," అన్నాడు. మా అమ్మ ఒక్కతే వేములవాడ దాటి పోవడం నేనెన్నడూ చూడలేదు. ఫోన్ చేస్తే గూట్లోనే మోగింది. ఆ పొద్దంతా పాపను ఎత్తుకుని గుమ్మానికీ సందు మూలకూ తిరిగాను. కోపం ఎటు పోయిందో పోయింది. బస్సు ఎక్కడ మారాలో ఆమెకు ఎవరు చెబుతారన్న ఒక్క బెంగే మిగిలింది.

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా బురద పట్టి ఎండిపోయి ఉన్నాయి. అరుగు మీద కూర్చుని, నేను అడగకముందే చెప్పింది.

"ఆడ ఏం లేదు బిడ్డా. నేను జూసచ్చిన."

సారంగాపూర్ పోయిందట. ఆటోలో ఏసయ్య పేరు చెబితే పొలం దగ్గరే దించారట. పైన కొలిమి పోయినా అడుగు మట్టిలో ఏమన్నా మిగిలి ఉంటుందేమోనని, మిగిలి ఉంటే పంట కోశాక నాకు చూపించమని ఏసయ్యను అడుగుదామని ఆమె ఆలోచన. పొట్టకొస్తున్న వరి నడుమ, ఏసయ్య తనే చేనులోకి దిగి, కొలిమి ఉన్న చోట నాలుగు దుబ్బులు పక్కకు ఒత్తి, గడ్డపారతో అంతటా పొడిచి చూశాడట. అమ్మ కూడా దిగి చేతులతో తవ్విందట. మెత్తటి బురద తప్ప తగిలింది లేదు. ట్రాక్టరు మొత్తం పెకిలించి గట్టుకు వేసేసింది. సాయవ్వ ఆమెను కాల్వ దగ్గర కూర్చోబెట్టి కాళ్లు కడిగి, అన్నం పెట్టి పంపిందట. మేం చర్చికి పోతాం గానీ మా మనుమడి మెత్త కింద కూడా ఇనుప ముక్క ఉంటుందక్కా, నీ జాగాలో నేనున్నా అదే చేద్దును అన్నదట.

ఇంత చెప్పి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అడుగు మట్టి కూడా పోయిందని నాకు ముందే తెలుసు. ట్రాక్టరు ఎంత లోతు దిగిందో ఏసయ్య ఆ సోమవారమే ఫోన్లో చెప్పాడు. నేను ఇంట్లో ఒక మాట చెప్పి ఉంటే ఆమెకు ఈ ప్రయాణం తప్పేది. నాకు చాలా సిగ్గేసింది. నా మూడో చుక్క పోయిందని వారం రోజులుగా ఏడుస్తున్నాను. దానికోసం బురదలో దిగి చేతులతో వెతికింది మాత్రం ఆమె.

పాపను ఆమె ఒళ్లో పెట్టి పక్కన కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తెలిసిన దాంతోనే మొదలుపెట్టాను. కాలిన మట్టి రెండు సంగతులు దాచుకుంటుందని చెప్పాను. భూమి ఎటు గుంజిందన్నది ఒకటి. దానికి దిక్సూచి కావాలి, అది చెడిపోయింది. ఎంత బలంగా గుంజిందన్నది రెండోది. దానికి దిక్సూచితో పని లేదు, అది ఆ ముక్కల లోపలే ఉంది. ఏ ఇనుమూ దాన్ని ముట్టలేదు. పాత కొలిమిలో భూమి ఇప్పటికన్నా గట్టిగా గుంజిందని యంత్రం చెప్పింది, ఆ సంగతి నేను దాంతోనే రాస్తాను, మలుపంత గొప్పది కాకపోయినా నిజమైనది అన్నాను.

అమ్మ పాప అరికాలు నిమిరింది.

"ఎటు గుంజిందో తప్పిపోయింది," అంది, "ఎంత గుంజిందో ఉన్నదన్నట్టు."

"ఆఁ."

"గది నాతోని ఖరాబు కాలే?"

"కాలేదమ్మా. గది నీతోని ఖరాబు గాదు."

 ఆమె చేతి మీద చెయ్యి వేశాను. గోళ్లలో సారంగాపూర్ మన్ను ఇంకా ఉంది. కోరుట్ల అవతల ఎవరో బావి పూడిక తీస్తుంటే గట్టు పక్కన కాలిన మట్టి కనబడిందని సార్ చెప్పాడు. అదెంత పాతదో, మూడో చుక్కకు పనికొస్తుందో లేదో ఇంకా తెలియదు. వచ్చే నెల పోయి చూడాలి. అదే చెప్పి, నువ్వు లేకుంటే పాపను ఎవరు పట్టుకుంటారు, నువ్వు రావాలె అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు.  నేను రాకు అన్న మాట ఆమె ఇంకా వింటూనే ఉందని నాకు అర్థమైంది. కాసేపటికి, ఏదో పని పద్ధతి కనుక్కుంటున్నట్టు, జాగ్రత్తగా అడిగింది.

"నేను ఎంత దూరం కూసోవాలె?"

దిక్సూచికి ఎంత ఎడం కావాలో నాకు తెలుసు. అది పెద్ద దూరం కూడా కాదు. కానీ ఆమె అడిగిన తీరుకు, ఊరవతల కూర్చోమన్నా తలాడించి పోయి కూర్చునేలా ఉంది. ఆమెకు ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"గంత దూరమేం అద్దమ్మా," అన్నాను. "పాపకు కనబడాలె నువ్వు. నాకు గూడ కనబడాలె."